షవర్ దగ్గర లీకేజీ: టైల్స్ పగలగొట్టే ముందు

గోడకు చెమ్మ కనిపించగానే టైల్స్ మీద సుత్తి వేయించకండి. నీరు ఏ సమయంలో కారుతోందో పట్టుకుంటే ఎక్కడ కారుతోందో చాలావరకు తెలిసిపోతుంది.

కట్టేశాక కూడా చుక్కలు పడుతున్నాయి

కాసేపు కారి ఆగిపోతే అది లీకేజీ కాదు, షవర్‌లో మిగిలిన నీళ్లు. వెడల్పాటి రెయిన్ షవర్లలో ఇవి ఎక్కువసేపు కారతాయి. ఎంతకీ ఆగకపోతే మాత్రం లోపం వాల్వ్‌లో ఉంది, షవర్ మార్చి లాభం లేదు. లోపల వాషర్ అరిగి ఉంటుంది, లేదా కార్ట్రిడ్జ్‌లో (వాల్వ్ లోపల నీటిని వదిలి, ఆపే భాగం) ఇసుక రేణువు ఇరుక్కుని ఉంటుంది. మెయిన్ వాల్వ్ కట్టి, కార్ట్రిడ్జ్ తీసి కడగండి. గీతలు పడి ఉంటే అదే మోడల్‌ది కొత్తది వేయాలి. అందుకే కొనేటప్పుడు మెరుపు చూసే ముందు, విడి కార్ట్రిడ్జ్ దొరుకుతుందా అని అడగండి. గోడలో దాగే డైవర్టర్ (నీటిని షవర్‌కో కుళాయికో మళ్లించే వాల్వ్) అయితే టైల్స్ కదపకుండా ముందు నుంచే కార్ట్రిడ్జ్‌ని తీయగలగాలి. కొత్త పైపులైతే షవర్ బిగించే ముందు కాసేపు నీళ్లు వదిలితే లోపలి చెత్త బయటికి పోతుంది.

షవర్ నీళ్లు వదిలినప్పుడు జాయింట్ దగ్గర కారుతోంది

మర మీద చుట్టే టెఫ్లాన్ టేప్ చాలలేదు, లేదా వెనక్కి చుట్టారు. మర బిగిసే దిక్కులోనే చుట్టాలి. హ్యాండ్ షవర్ గొట్టం చివర్లకు టేప్ పనికిరాదు, అక్కడ నీటిని ఆపేది రబ్బరు వాషర్. ప్లాస్టిక్ మరను బలంగా బిగిస్తే చిట్లుతుంది.

గోడ లోపల తడి

షవర్ ఆర్మ్ (షవర్‌ను మోసే పైపు) గోడలోని ఎల్బోలోకి, అంటే మలుపు ముక్కలోకి వెళ్లే చోటును నేనైతే ముందు అనుమానిస్తాను. అక్కడ కారిన చుక్క బయటికి కనిపించదు. ఆర్మ్ చుట్టూ ఉన్న మూత జరిపి, షవర్ నీళ్లు వదిలి, టార్చ్ వేసి చూడండి. పొడవాటి ఆర్మ్‌కు బరువైన షవర్ తగిలిస్తే ఆ జాయింట్ వదులవుతుంది, దానికి ఆసరా తప్పనిసరి.

పక్క గదికో కింది కప్పుకో చెమ్మ

ఇక్కడే ఓపిక కావాలి. ముందు అన్ని కుళాయిలూ కట్టి నీటి మీటర్ చూడండి. అది కదులుతుంటే ఎప్పుడూ ఒత్తిడిలో ఉండే పైపు కారుతోంది. కదలకపోతే బకెట్ నీళ్లు నేల తడవకుండా నేరుగా ఫ్లోర్ ట్రాప్‌లో (నేలలో నీళ్లు పోయే జాలీ రంధ్రం) పోయండి. చెమ్మ పెరిగితే డ్రైన్ పైపు. లేదంటే ట్రాప్ మూసి, గడప దాటకుండా నేల మీద కాస్త నీళ్లు నిలపండి. అప్పుడు పెరిగితే నేల వాటర్‌ప్రూఫింగ్ పోయింది. వీటిలో ఏదీ కాకపోతే గోడ టైల్స్ తడిపి చూడాలి. చెమ్మ నెమ్మదిగా పాకుతుంది కాబట్టి ఒక్కో పరీక్షకూ మధ్య ఒక రోజైనా ఆగండి. వరసగా చేస్తే ఏది కారణమో తేలదు.

నేల, గోడల దోషమైతే పైపైన గ్రౌట్ (టైల్స్ సందుల్లో నింపే పదార్థం) పూయడంతో ఆగదు. గ్రౌట్ నీటిని పూర్తిగా ఆపలేదు, ఆపేది టైల్స్ కింద ఉన్న వాటర్‌ప్రూఫింగ్ పొర. గోడ, నేల కలిసే మూలల్లో మాత్రం గ్రౌట్‌కు బదులు సిలికాన్ పెట్టాలి. ఎండిన తర్వాతే నీళ్లు తగలనివ్వండి.

కొత్తగా కట్టేవాళ్లు

టైల్స్ వేయకముందే పైపులకు ప్రెజర్ టెస్ట్ (ఒత్తిడితో నీళ్లు నింపి కారుతున్నాయేమో చూడడం) చేయించండి. వాటర్‌ప్రూఫింగ్ పొరను గోడ మీద షవర్ ఎత్తు దాకా తీసుకెళ్లి, నేల మీద 24 గంటలు నీళ్లు నిలిపి చూడండి. ట్రాప్ వైపు మీటరుకు 2 సెంటీమీటర్ల దాకా వాటం ఉంటే నీరు నిలవదు. పైపులు మూసేయకముందే కొలత టేపు ఆనించి ఫోటోలు తీసి పెట్టుకోండి, తర్వాత గోడకు డ్రిల్ పెట్టేటప్పుడు కావాలి.