మొదటి ఆర్‌సీ (రేడియో కంట్రోల్ మోడల్ విమానాల) ఏరోబాటిక్స్ పోటీకి ఇలా సిద్ధమవ్వండి

పోటీ కోసమని కొత్త విమానం కొనకండి. చేతికి అలవాటైన దానితోనే వెళ్ళండి. మీ క్లాస్ (పోటీ స్థాయి) సీక్వెన్స్, అంటే వరసగా చేయాల్సిన విన్యాసాల జాబితా, ప్రింట్ తీసుకుని, చేతిలో చిన్న మోడల్ పట్టుకుని గదిలోనే మొదటి నుంచి చివరి దాకా తిప్పి చూడండి. తర్వాత ఏం చేయాలో ఆలోచించాల్సిన పని ఉండకూడదు.

ఎఫ్3ఏ అనే ఆర్‌సీ ఏరోబాటిక్స్ విభాగంలో ప్రతి విన్యాసానికీ మార్కులు 10 నుంచి తగ్గుతూ వస్తాయి. మిగిలినదాన్ని విన్యాసం కష్టాన్ని బట్టి ఇచ్చే కే-ఫ్యాక్టర్ అనే సంఖ్యతో గుణిస్తారు. నేను రోల్స్ (విమానాన్ని పొర్లించడం) కన్నా లూప్ (నిలువు వలయం) మీదే ఎక్కువ బ్యాటరీలు ఖర్చు పెడతాను. పైభాగంలో వేగం తగ్గి వలయం నొక్కుకుపోతుంది. అక్కడ ఎలివేటర్ (ముక్కును పైకీ కిందికీ తిప్పే తోక పలక) కాస్త వదలండి, దిగేటప్పుడు థ్రాటిల్ (మోటార్ పవర్) తగ్గించండి. గాలి పక్క నుంచి తోస్తుంటే రడ్డర్‌తో (ముక్కును పక్కలకు తిప్పే తోక పలక) ముక్కును కొద్దిగా గాలివైపు పెట్టండి. జడ్జీలు చూసేది ముక్కును కాదు, విమానం వెళ్ళే దారిని. గాలి ఉన్న రోజున ప్రాక్టీస్ మానేస్తే ఇది ఎప్పటికీ రాదు!

కాలర్‌ను తప్పక పెట్టుకోండి. పక్కన నిలబడి తర్వాతి విన్యాసం పేరు చదివే ఆ మనిషితో ముందే కలిసి ప్రాక్టీస్ చేయండి. మరీ ముందుగా చెప్పినా టెన్షనే, ఆలస్యంగా చెప్పినా టెన్షనే.

ముందు రోజు స్క్రూలు, సర్వో లింకేజీలు (చిన్న మోటార్లను రెక్క, తోక పలకలకు కలిపే కడ్డీలు) చూసుకుని రేంజ్ చెక్ (రేడియో సిగ్నల్ దూరం నుంచి అందుతోందో లేదో పరీక్ష) చేయండి. స్పేర్ ప్రొపెల్లర్ మర్చిపోవద్దు.