డొమైన్ ఆంటాలజీని ఫౌండేషనల్ ఆంటాలజీకి తగిలించడం ఎలా?

హైదరాబాద్ మెట్రో కోసం ఒక ఆంటాలజీ, అంటే ఆ రంగంలో ఏమేం ఉన్నాయో, వాటి మధ్య సంబంధాలేంటో కంప్యూటర్‌కు తెలిసేలా రాసిన నమూనా కట్టారనుకోండి: ట్రైన్, స్టేషన్, ట్రిప్, టికెట్, ప్రయాణికుడు అని క్లాసులు (రకాలు) పెట్టారు. మీ సిస్టమ్ వరకు బాగానే నడుస్తుంది. సిటీ బస్సుల డేటాతో కలపాల్సి వచ్చినప్పుడే అసలు టెన్షన్, ఎందుకంటే మీ ‘ట్రిప్’, వాళ్ల ‘ట్రిప్’ ఒకటేనో కాదో పేరు చూసి చెప్పలేం. అందుకే రెండింటినీ పైన ఒకే ఫౌండేషనల్ ఆంటాలజీ, అంటే ఏ రంగానికైనా పనికొచ్చే మూల రకాల చట్రం కిందికి తెస్తారు.

ఏది వాడాలి? బీఎఫ్‌ఓ (బేసిక్ ఫార్మల్ ఆంటాలజీ) 2021లో అంతర్జాతీయ ఐఎస్‌ఓ ప్రమాణమైంది, బయోమెడికల్ రంగంలో దాని వాడకం చాలా ఎక్కువ. ఇలాంటివే అయిన డోల్చే, యూఎఫ్‌ఓ (యూనిఫైడ్ ఫౌండేషనల్ ఆంటాలజీ) కూడా గట్టివే. ఎవరితో డేటా పంచుకోవాలో వాళ్లు వాడేదే తీసుకోండి, దీని మీద ఎక్కువ చర్చ అక్కర్లేదు. నేనిక్కడ బీఎఫ్‌ఓతో చెప్తాను.

ఇప్పుడు పేర్లు పక్కనపెట్టి ప్రతి క్లాసునూ ఇలా అడగండి: ఇది ఏ క్షణంలో చూసినా మొత్తంగా ఉంటుందా, లేక కొంచెం కొంచెంగా జరుగుతూ పోతుందా? ట్రైన్ మొదటి రకం, అంటే కంటిన్యువెంట్. మియాపూర్‌లో ఎల్బీ నగర్‌కు బయల్దేరిన ట్రిప్ అమీర్‌పేట చేరేసరికి ఇంకా సగం కూడా జరగలేదు కాబట్టి అది రెండో రకం, అంటే అకరెంట్. టికెట్ కాస్త తికమక పెడుతుంది: అదే టికెట్ ఫోన్‌లో ఉండొచ్చు, కాగితం మీదా ఉండొచ్చు, అందుకని దాన్ని సమాచారం వైపు, అంటే జెనరికల్లీ డిపెండెంట్ కంటిన్యువెంట్ (ఏదో ఒకదాని మీద ఉండాలి కానీ ఒకదాన్నుంచి ఇంకోదానికి కాపీ కాగలిగేది) కింద పెట్టండి.

ఎక్కువమంది తప్పు చేసేది ‘ప్రయాణికుడు’ దగ్గర. రైలు దిగాక మనిషి ఉంటాడు, ప్రయాణికుడు ఉండడు. బీఎఫ్‌ఓలో ఇది ఆ మనిషిని ఆశ్రయించి ఉండే రోల్ (పాత్ర), ట్రిప్‌లో అది వ్యక్తమవుతుంది. యూఎఫ్‌ఓలో మాత్రం ‘వ్యక్తి’ కిందే రోల్ రకంగా పెట్టొచ్చు, ఒకదాని పద్ధతి ఇంకోదానికి అంటించకండి. ‘కస్టమర్’ని పైన పెట్టి దాని కింద ‘వ్యక్తి’, ‘కంపెనీ’ అని సబ్‌క్లాసులు వేసిన మోడళ్లు ఎన్నో కనిపిస్తాయి, ఆ లెక్కన ఏమీ కొనని మనిషి మనిషే కాకుండా పోతాడు! ‘కస్టమర్’ని వ్యక్తికో కంపెనీకో ఉండే రోల్‌గా మార్చాల్సిందే.

‘అమీర్‌పేట’ లాంటి పేరు వస్తే ఆగండి. అది ఒక ప్రాంతం, ఒక స్టేషన్ కట్టడం, రెడ్, బ్లూ లైన్లు కలిసే ఇంటర్‌చేంజ్ కూడా. ప్రాంతం, కట్టడం వేర్వేరు ఇండివిడ్యువల్స్ (క్లాసులు కాదు, విడివిడి అసలు వస్తువులు), ఇంటర్‌చేంజ్ మాత్రం ఆ కట్టడానికున్న రోల్. లైనుకో స్టేషన్ కోడ్ ఉంటే రెండు స్టేషన్లని అనుకోకండి, కోడ్ కూడా సమాచారమే.

అయ్యాక ప్రొటెజె అనే ఆంటాలజీ ఎడిటర్‌లో బీఎఫ్‌ఓని ఇంపోర్ట్ చేసి హెర్మిట్ రీజనర్ (తర్కంలో వైరుధ్యాలు వెతికే ప్రోగ్రామ్) నడపండి. కంటిన్యువెంట్, అకరెంట్ డిస్‌జాయింట్ (ఏదీ ఒకేసారి రెండూ కాలేదు) కాబట్టి ‘ట్రిప్’ పొరపాటున రెండింటి కిందా పడితే ఆ క్లాసు ఎర్రగా కనిపిస్తుంది. వైరుధ్యం లేని తప్పుల్ని మాత్రం రీజనర్ పట్టుకోలేదు. టికెట్‌ని వస్తువు కింద పెట్టేస్తే అది కిక్కురుమనదు. అందుకని క్లాసుకు నాలుగైదు అసలు రికార్డులు తీసి, ఆ పని రోజూ చేసేవాళ్ల పక్కన కూర్చుని ఒక్కొక్కటీ సరిచూడండి.