ఖాళీ రోడ్డని ధీమా పడకండి: తీరం వెంట సైకిల్ తీసే ముందు

ఒక పక్క సముద్రం, ఇంకో పక్క పొలాలు, మధ్యలో సన్నటి రోడ్డు. గంటకు ఒకటో రెండో బండ్లు. సైకిల్ తొక్కేవాళ్లకు ఇంతకన్నా ఏం కావాలి? నిజమే గానీ, పట్నం ట్రాఫిక్‌లో మనల్ని ఒళ్లు దగ్గర పెట్టుకుని తొక్కించేది భయం. ఇలాంటి రోడ్డెక్కగానే ముందు దిగిపోయేది ఆ భయమే. నేను గట్టిగా పడింది మూడుసార్లు. మూడూ ఖాళీ రోడ్ల మీదే, కనుచూపు మేరలో ఒక్క బండి లేనప్పుడే. ఒకసారి గాలి, ఒకసారి ఇసుక, ఒకసారి నాచు. అందుకే బండ్ల గురించి తక్కువ చెప్పి, ఈ మూడింటి గురించి ఎక్కువ చెబుతాను.

ముందు గాలి. రూటు వేసుకునేటప్పుడు అందరూ దూరం చూస్తారు, ఎత్తుపల్లాలు చూస్తారు. తీరంలో వీటికన్నా ముందు గడియారం చూడాలి. ఎండకు నేల నీటికన్నా త్వరగా వేడెక్కుతుంది. దాని మీది గాలి తేలికై పైకి లేస్తే, ఆ చోటులోకి సముద్రం మీది చల్లగాలి దూసుకొస్తుంది. ఎండ బాగా కాసే రోజున ఇది మామూలుగా పది, పదకొండింటికి మొదలై మధ్యాహ్నం రెండు మూడింటికి ముదిరి, పొద్దు వాలేకొద్దీ తగ్గుతుంది. పొద్దున ఆరింటికి ఆకు కదలని రోడ్డే మధ్యాహ్నానికి మనిషిని పక్కకి నెట్టేస్తుంది.

ఎదురుగాలిలో వెళ్లి వెనకగాలితో తిరిగి రమ్మంటారు పాత సైక్లిస్టులు. మంచి మాటే. గంటకు 20 కి.మీ. వేగంతో పోతున్నప్పుడు 20 కి.మీ. ఎదురుగాలి తగిలితే ఒంటికి తగిలేది 40 కి.మీ. గాలి. దాని అడ్డు రెండింతలు కాదు, నాలుగింతలు. అలిసిపోయి ఇంటిదారి పట్టినప్పుడు అది ఎదురవకూడదు. కానీ తీరాన్ని అంటిపెట్టుకుని పోయే రోడ్డుకి సముద్రపు గాలి అడ్డంగా తగులుతుంది. వెళ్లేటప్పుడూ పక్కగాలే, వచ్చేటప్పుడూ పక్కగాలే. ఇక్కడ లెక్క మార్చుకోవాలి. ఎడమ పక్కన నడిపే దేశంలో సముద్రం మీకు ఎడమవైపు ఉంటే, గాలి విసురు మిమ్మల్ని రోడ్డు మధ్యకి నెడుతుంది. కుడివైపు ఉంటే రోడ్డు అంచుకి, మహా అయితే గడ్డిలోకి నెడుతుంది. నన్నడిగితే గడ్డే నయం. కాబట్టి సముద్రం ఎడమన ఉండే ప్రయాణం గాలి లేవకముందే ముగించేయండి, తిరుగుదారిలో అది కుడిన ఉంటుంది. కుడి పక్కన నడిపే దేశాల్లో ఇదంతా తిరగేసుకోవాలి.

అలాగని తిరుగుదారిలో నిశ్చింతగా ఉండడానికీ లేదు. గాలి ఏకధాటిగా వీస్తే ఒళ్లు అలవాటుపడి కాస్త దానివైపు ఒరిగి తొక్కుతుంది. చిక్కంతా అది ఆగి మళ్లీ కొట్టే చోటే: ఇళ్ల వరస అయిపోయిన చోట, చెట్లకు మధ్య సందు వచ్చిన చోట, వంతెన మీద. అన్నిటికన్నా పాడు చోటు లారీ పక్కన. కుడినుంచి గాలి వీస్తోంది, మీరు కుడికి ఒరిగి ఉన్నారు. లారీ పక్కకి రాగానే గాలి తెగిపోతుంది, మీరు తూలేది లారీ వైపుకే. అది దాటగానే గాలి మళ్లీ ఒక్క తోపు తోస్తుంది. నేను గడ్డిలోకి వెళ్లింది ఇలాంటి తోపుకే. అది లారీ వల్ల కాదు, ఒక పాత గోడ అయిపోయిన చోట. ముందు ఏదైనా అడ్డు కనిపిస్తే వేగం తగ్గించి, ఒంటిని కిందికి వంచి, చేతులు బిగపట్టకుండా తొక్కండి. హ్యాండిల్‌ని ఎంత గట్టిగా పట్టుకుంటే భుజాల ఊపంతా అంతగా చక్రానికి దిగుతుంది.

వాతావరణ సూచనలో సగటు గాలి వేగం పక్కనే విసురు వేగం అని ఇంకో అంకె ఉంటుంది. చూడాల్సింది దాన్ని. పెద్ద కొమ్మలు ఊగుతూ, కరెంటు తీగలు ఈల వేస్తూ, గొడుగు చేతిలో నిలవకపోతే అది గాలి బలాన్ని అంచనా వేసే బోఫోర్ట్ స్కేలులో 6, అంటే గంటకు 39–49 కి.మీ. గాలి. అలాంటి రోజు నేను సైకిల్ బయటికి తీయను.

ఇక ఇసుక. ఆ మలుపు ఇప్పటికీ కళ్లకు కట్టినట్టుంది. రోడ్డు పొడిగా, నున్నగా ఉంది. లోపలి అంచున గోరు మందం ఇసుక పొర, రాత్రి గాలికి కొట్టుకొచ్చింది. ఎండలో రోడ్డు రంగులోనే కలిసిపోయింది. ముందు చక్రం కింద ‘సర్ర్’మన్న చప్పుడు విన్నాను, అంతే. మోచేతిలో దిగిన రేణువులు రెండు వారాలదాకా ఒక్కొక్కటే బయటికి వచ్చాయి. అప్పుడు చేసిన తప్పు మలుపులో బ్రేక్ పట్టడం. వేగం తగ్గించాల్సింది మలుపుకి ముందు, సైకిల్ నిటారుగా ఉన్నప్పుడే. తీరా ఇసుక మీదికి ఎక్కేశాక బ్రేక్ వద్దు, హ్యాండిల్ తిప్పొద్దు, అలాగే తిన్నగా దొర్లనివ్వండి. చక్రం దిగబడేంత ఇసుక ఉంటే దిగి నడవడం నామోషీ ఏమీ కాదు. టైర్లలో గాలి రాయిలా కొట్టకండి. 28, 32 మి.మీ. వెడల్పు టైర్లు పడితే అవే వేసుకుని, గాలి కొంచెం తగ్గించండి.

నాచు పోటు నీళ్లు ఎక్కి దిగే రోడ్ల మీద ఉంటుంది. కాజ్‌వేలు, వాగు సముద్రంలో కలిసే చోట పల్లపు రోడ్లు, పడవలు దించే సిమెంటు వాలులు. ఫ్రాన్స్‌లో నోర్మూటియే దీవికి వెళ్లే పాసాజ్ దు గ్వా రోడ్డు 4 కిలోమీటర్లకు పైగా ఉంటుంది, రోజుకు రెండుసార్లు సముద్రంలో మునుగుతుంది. పేరున్న సైకిల్ పందెం టూర్ డి ఫ్రాన్స్ 1999లో రెండో స్టేజీలో (ఒక రోజు పందెం) ఆ రోడ్డు మీదుగా వెళ్లింది. ఆ తడి రాళ్ల మీద గుంపుగా జారిపడ్డారు. అలెక్స్ జూలే లాంటి మేటి రైడరు ఆ ఒక్క రోజే 6 నిమిషాలకు పైగా వెనకబడ్డాడు. వాళ్లకే అలా ఉంటే మన సంగతి చెప్పేదేముంది! పచ్చగానో నల్లగానో నిగనిగలాడుతుంటే దిగిపోండి.

చాలా తీరాల్లో ఒక పోటుకీ మరో పోటుకీ మధ్య సుమారు 12 గంటల 25 నిమిషాలు. అంటే రోజురోజుకీ దాదాపు 50 నిమిషాలు ఆలస్యమవుతుంది. నిన్న తొమ్మిదింటికి దాటిపోయాం కదా అన్న ధైర్యం ఇవాళ పనికిరాదు. అమావాస్యకీ పౌర్ణమికీ నీళ్లు ఇంకా పైకి వస్తాయి. ఆ చోటుకి సంబంధించిన పోటు వేళల పట్టిక చూసి, వెళ్లడానికే కాదు, తిరిగి రావడానికీ వేళ లెక్క వేసుకోండి. రోడ్డు మీదికి నీళ్లు ఎక్కుతుంటే దాటిపోదాం అనుకోవద్దు, వెనక్కి తిరగండి.

బండ్ల గురించి ఒక్కటే చెప్తాను. ఊళ్లోవాళ్లు ఆ మలుపులన్నీ కంఠతా వచ్చినట్టు వేగంగా వస్తారు. అక్కడ ఎవరూ ఉండరని వాళ్ల నమ్మకం. వెనక లైటు పట్టపగలు కూడా వెలగాలి. ఎండ మీ కళ్లల్లో కొడుతోందంటే, వెనక వచ్చే డ్రైవరు కళ్లల్లోనూ కొడుతున్నట్టే, అతనికి మీరు కనపడకపోవచ్చు. చెవుల్లో ఇయర్‌ఫోన్లు తీసేయండి. కుక్క వెంటపడితే దిగి, సైకిల్‌ని మధ్యలో అడ్డం పెట్టుకుని నెమ్మదిగా నడవండి.

చల్లగాలి ఎండను మరిపిస్తుంది. చెమట పట్టినట్టే ఉండదు, పట్టింది పట్టినట్టే ఆరిపోతుంది. ఇసుక మీద పడిన అతినీలలోహిత కిరణాల్లో సుమారు 15 శాతం, అలల నురుగు మీద పడినవాటిలో 25 శాతం దాకా తిరిగి పైకి వస్తాయి. టోపీ కింద కూడా మొహం కాలేది అందుకే. దాహం కోసం చూడకుండా నీళ్లు తాగుతూ ఉండండి. మెరుపు కనిపించాక 30 సెకన్లలోపు ఉరుము వినిపిస్తే ఆ పిడుగు పది కిలోమీటర్లలోపే ఉంది. బిల్డింగులోకో కారులోకో వెళ్లి, చివరి ఉరుము తర్వాత అరగంట ఆగండి. సైకిల్ రబ్బరు టైర్లు కాపాడతాయనుకోవడం ఉత్త భ్రమ, ఒంటరి చెట్టు కింద నిలబడడం అంతకన్నా ప్రమాదం.

రెండు ట్యూబులు, చేతిపంపు, చైను లింకు, ఫోన్లో సిగ్నల్ లేకున్నా తెరుచుకునే మ్యాపు. ఇంట్లోవాళ్లకు ఏ రోడ్డున వెళ్తున్నారో, ఎన్నింటికల్లా రాకపోతే వెతకాలో చెప్పి వెళ్లండి.

ఇంటికి రాగానే మీరు స్నానం చేసే ముందు సైకిల్‌కి చేయించండి. సముద్రపు ఉప్పుతో రెండు రాత్రులు అలాగే వదిలేస్తే చైను నారింజ రంగుకి తిరుగుతుంది. నాది తిరిగింది. మంచినీళ్లు మెల్లగా పోస్తే చాలు. పైపు పెట్టి గట్టిగా కొడితే ఉప్పు బేరింగుల లోపలికే పోతుంది. తుడిచి, ఆరనిచ్చి, చైనుకి నూనె వేయండి. చాలామంది మరిచిపోయేది సీటు పోస్టు. స్టీలు ఫ్రేములో అల్యూమినియం పోస్టు ఉంటే ఉప్పునీటి తడికి ఆ రెండు లోహాలూ పట్టేసుకుంటాయి, తర్వాత కదలదు. కొన్ని నెలలకొకసారి బయటికి లాగి, తుడిచి, గ్రీజు రాసి మళ్లీ దింపండి. ఎంత ఎత్తులో ఉండేదో తీసేముందే టేపు చుట్టి గుర్తు పెట్టుకోండి.