ఆసుపత్రిలో ఉన్న యూదు కుటుంబానికి షబ్బాత్ ఏర్పాట్లు ఎలా చేయాలి?

న్యూయార్క్, న్యూజెర్సీ వైపు ఆసుపత్రుల్లో ఉద్యోగమో వాలంటీరు పనో చేసే తెలుగువాళ్ళకి, ఆచారం గట్టిగా పాటించే యూదు కుటుంబాలు తప్పకుండా తారసపడతాయి. వాళ్ళకి శుక్రవారం పొద్దుగూకే ముందు నుంచి శనివారం రాత్రి నక్షత్రాలు కనబడేదాకా షబ్బాత్, అంటే వారానికోసారి వచ్చే పవిత్ర విశ్రాంతి దినం. ఆ 25 గంటలూ స్విచ్ వేయరు, ఫోను తీయరు, కలం పట్టరు, డబ్బు ముట్టరు, కారెక్కరు. ఇంట్లో అయితే అన్నీ ముందే అమర్చుకుంటారు. గురువారం రాత్రి అంబులెన్సులో వచ్చి పడ్డవాళ్ళు ఏం అమర్చుకుంటారు? ఆ పని ఆసుపత్రిలోని యూదు చాప్లెయిన్ (రోగులకి మతపరంగా తోడుండే వ్యక్తి) ఆఫీసు చూస్తుంది. చాప్లెయిన్ ఒక్కరే అన్ని వార్డులూ తిరగలేరు కాబట్టి మాలాంటి యూదేతర వాలంటీర్ల చేతికి చాలా పని వస్తుంది.

పని కష్టమేం కాదు. అయినా ప్రతి కొత్త బ్యాచ్ వాలంటీర్లూ అవే తప్పులు చేస్తుంటారు. పూలగుత్తి, బెలూను పట్టుకుని సాయంత్రం అయిదింటికి వచ్చి, "ఏమైనా కావాలంటే అడగండి" అని నవ్వి వెళ్ళిపోతారు. డిసెంబరులో అయితే న్యూయార్క్‌లో అయిదింటికి షబ్బాత్ మొదలై ముప్పావు గంట దాటి ఉంటుంది. అప్పటికిక వాళ్ళు అడగలేరు.

రోగిని చూడబోవడాన్ని యూదులు బిక్కూర్ ఖోలిం అంటారు, అది వాళ్ళకి ధర్మవిధి. పరామర్శకి వెళ్ళినవాడు జబ్బులో అరవయ్యో వంతు తీసుకుపోతాడని తల్మూద్ అనే వాళ్ళ ప్రాచీన ధర్మగ్రంథంలో ఉంది. అందరూ ఆ మాట చెబుతారు గానీ, దాని పక్కనే ఉన్న కథ చెప్పరు. పూర్వం రబ్బీ (యూదు మతగురువు) అకీవా శిష్యుడొకడు జబ్బుపడితే పండితులెవరూ చూడబోలేదు. అకీవా వెళ్ళి ఆ గది ఊడిపించి, నీళ్ళు చల్లించాడు. శిష్యుడు కోలుకున్నాడు. అకీవా అక్కడ ఉపన్యాసం ఇచ్చినట్టు ఎక్కడా లేదు. మంచం పక్కన కుర్చీ లాక్కుని గంటసేపు ఓదార్చే వాలంటీరు కన్నా, పావుగంటలో గది సర్ది వెళ్ళేవాళ్ళే నయం. కొందరు చాప్లెయిన్లు దీనికి ఒప్పుకోరు, ముందు మాట కలపాలంటారు. శుక్రవారం మాత్రం నా పద్ధతే సరి.

ముందుగా పేర్లు

చాప్లెయిన్ ఆఫీసు ఇచ్చిన జాబితాలో ఉన్న గదులకే వెళ్ళండి. ఇంటిపేరు చూసి ఊహించుకుని తలుపు తట్టొద్దు. యూదులందరూ షబ్బాత్ పాటించరు. "మీరు ఆర్థడాక్సా?" అని అడగడం మోటు. "ఈ రాత్రి షబ్బాత్‌కి ఏమైనా ఏర్పాటు కావాలా?" అంటే చాలు, అక్కర్లేనివాళ్ళు అక్కర్లేదంటారు.

ఆడవాళ్ళు మగవాళ్ళకి, మగవాళ్ళు ఆడవాళ్ళకి చేయి చాచొద్దు. ఆచారపరులు పరాయివాళ్ళని తాకరు. మన నమస్కారం ఇక్కడ భేషుగ్గా పనికొస్తుంది. క్రైస్తవ వాలంటీర్లకి ఒక విన్నపం: మీ ప్రేమ నాకు తెలుసు, కానీ ఆ గదిలో యేసు పేరున ప్రార్థన చేయొద్దు, చేయనా అని అడగనూ వద్దు. హిందువులు ప్రసాదం తేవద్దు. వేరే దైవానికి నివేదించినది వాళ్ళకి పూర్తిగా నిషిద్ధం.

సామాను

రోగుల పరామర్శ చూసే యూదు సంఘాలు నడిపే బిక్కూర్ ఖోలిం గదిగానీ అలమరాగానీ ఉన్న ఆసుపత్రిలో ఇవన్నీ అక్కడే దొరుకుతాయి: రెండు చిన్న ఖల్లా (షబ్బాత్) రొట్టెలు, కోషెర్ (యూదు ఆహార నియమాలకి సరిపడే) ద్రాక్షరసం సీసా, కిద్దుష్ గిన్నె (షబ్బాత్ భోజనానికి ముందు ద్రాక్షరసం మీద ప్రార్థన చెప్పే గిన్నె), బ్యాటరీతో వెలిగే రెండు దీపాలు, చేతులు కడుక్కునే రెండు పిడుల చెంబు, ప్రార్థన పుస్తకం, కాగితపు పళ్ళేలు, రుమాలు కాగితాల డబ్బా. రొట్టెలు రెండూ పూర్తిగా ఉండాలి, ఒకటి తుంచి ఉంటే లెక్కకి రాదు. బైబిలు కథలో ఎడారిలో శుక్రవారం నాడు రెండింతలు కురిసిన మన్నా అనే ఆకాశ ఆహారానికి గుర్తు అవి.

ఆక్సిజన్ ఉండే చోట మంట కుదరదు కాబట్టి దీపాలు బ్యాటరీవే. అందులోనూ లోపల తీగ ఎర్రగా కాలే పాతరకం బల్బు తీసుకోండి, ఎల్‌ఈడీ వద్దు. కాలే తీగ నిప్పు కిందికి వస్తుందని చాలామంది రబ్బీలు ఒప్పుకుంటారు, ఎల్‌ఈడీ దగ్గర పేచీ ఉంది. దీపం వెలిగించే వేళ సూర్యాస్తమయానికి 18 నిమిషాల ముందు. న్యూయార్క్‌లో అది డిసెంబరు మొదట్లో నాలుగూ పదికే వచ్చేస్తుంది, జూన్ చివర్లో ఎనిమిది దాటాక. మీరు మాత్రం ఏ కాలమైనా ఒంటిగంటకల్లా వార్డులో ఉండండి.

ఇంటి నుంచి తిండి తేవద్దు. కోషెర్ అంటే మన నాయనమ్మల మడి లాంటిదని, శాకాహారం అయితే చాలని మనవాళ్ళు అనుకుంటారు. మీరు తలస్నానం చేసి వండిన పులిహోర అయినా కోషెర్ కాదు, ఎందుకంటే వండిన గిన్నె, పొయ్యి కూడా లెక్కలోకొస్తాయి. కోషెర్ వంటింటి నుంచి రెండు పొరల సీలుతో వచ్చిన భోజనమే ఇవ్వాలి. న్యూయార్క్‌లో సత్మార్ అనే ఆచారపరుల యూదు సంఘం స్త్రీలు బ్రూక్లిన్‌లో వండి ఆసుపత్రులకి మోసుకెళ్ళే భోజనాలు దశాబ్దాలుగా పేరుపడ్డవి. వాళ్ళ కోడి పులుసు ముందు మన వంట ఎలాగూ నిలవదు.

గది

దీనికి పది నిమిషాలు చాలు. బాత్రూం లైటు వేసి, స్విచ్ మీద "తీయొద్దు" అని చీటీ అంటించండి. టాయిలెట్ పేపరు చించడం కూడా షబ్బాత్‌లో కుదరదు, అందుకే విడి కాగితాల డబ్బా అక్కడ పెట్టాలి. చేయి పెడితే తిరిగే సెన్సర్ కుళాయి ఉంటే, దగ్గర్లో మామూలు కుళాయి ఎక్కడుందో చూపించండి. గదిలో ఫ్రిజ్ ఉంటే, తలుపు తీయగానే బల్బు వెలగకుండా ఏం చేయాలో ఇంజనీరింగ్ వాళ్ళని అడగండి. టీకి వేడినీళ్ళ పాత్ర అలమరా గదిలో ముందే ప్లగ్ పెట్టి ఉంచాలి, దానికి ఆసుపత్రి అనుమతి ఉండాలి.

ప్రతి అంతస్తులో దానంతటదే ఆగే షబ్బాత్ లిఫ్టు లేకపోతే బంధువులు మెట్లెక్కుతారు. మెట్ల తలుపులు కొన్ని ఆసుపత్రుల్లో మెట్ల వైపు నుంచి తెరుచుకోవు. ఏడంతస్తులు ఎక్కిన ముసలాయన తలుపు కొడుతూ నిలబడిపోతాడు. సెక్యూరిటీ వాళ్ళకి మధ్యాహ్నమే చెప్పాలి.

ఇక సీలు సంగతి. షబ్బాత్‌లో పొట్లాలు చించడం, అక్షరాలున్న కాగితం చీల్చడం, కొందరికైతే కొత్త సీసా మూత తిప్పడం కూడా ఇబ్బందే. అయ్యో పాపం అని మీరే తీసి పెట్టారనుకోండి, భోజనం మీద సీలు పోయింది కాబట్టి వాళ్ళు తినరు. ద్రాక్షరసం ఇంకా సున్నితం: కాచినది కాకపోతే, యూదేతరులు సీసా విప్పి వంచారంటే అది పనికిరాకుండా పోతుంది. కాబట్టి మీరు తీయొద్దు, వాళ్ళకి వదిలేసి వెళ్ళిపోవద్దు. సామాను బల్ల మీద పెట్టి, "ఇవన్నీ దీపాల వేళకి ముందే మీ చేత్తో విప్పుకోండి" అని చెప్పి, విప్పేదాకా నిలబడండి. కంగారులో ఉన్న కుటుంబం దీన్ని ఖచ్చితంగా మరిచిపోతుంది.

చీకటి పడ్డాక

ఇక్కడే అందరూ బోల్తాపడేది. నిదానంగా చదవండి.

షబ్బాత్‌లో తాము చేయకూడని పనిని యూదేతరులకి పురమాయించడం కూడా వాళ్ళ శాస్త్రం ఒప్పుకోదు. అంటే పక్కన కూర్చున్న భార్యకి చీకట్లో పుస్తకం కనబడకపోయినా, "ఆ లైటు వేయండి" అని మీతో అనదు. "ఇక్కడ చదవడం కష్టంగా ఉంది" అనొచ్చు. కొత్త వాలంటీరు "అవునండీ, అక్షరాలు మరీ చిన్నవి" అని జాలిపడి వెళ్ళిపోతాడు. నా కళ్ళముందే జరుగుతుంటుంది ఇది.

దానికన్నా చెడ్డది, అర్థమైనట్టు "లైటు వేయమంటారా?" అని అడగడం. ఇప్పుడామె అవునంటే పురమాయించినట్టు, కాదంటే చీకట్లో కూర్చోవాలి. ఆమెని ఇరకాటంలో పెట్టారు. అడగొద్దు. మీకేదైనా పని కల్పించుకోండి: నీళ్ళ జగ్గు చూడాలి, ఖాళీ పళ్ళేలు తీయాలి. మీ అవసరానికి మీరు లైటు వేసుకున్నారు, ఆ వెలుగులో ఆమె చదువుకుంటుంది. యూదేతరుడు తన కోసం చేసుకున్న పని వల్ల వచ్చే వెలుగుని వాడుకోవచ్చు. వెళ్ళేటప్పుడు మాత్రం మంచి అలవాటు అనుకుని లైటు ఆర్పేసి పోకండి.

చలికి మాత్రం ఈ దాగుడుమూతలు అక్కర్లేదు. చలి విషయంలో అందరూ రోగుల కిందే లెక్క అని వాళ్ళ శాస్త్రమే చెబుతుంది. గది చల్లగా ఉంటే హీటరు పెంచండి.

ఇదంతా ఆరోగ్యంగా ఉన్న తోడుమనిషి గురించి. రోగి సంగతి వేరు. ప్రాణగండం లేకపోయినా మంచాన పడ్డ రోగి కోసం అయితే యూదేతరులకి నేరుగా చెప్పొచ్చు. మంచం ఎత్తాలి, దుప్పటి కావాలి, నర్సుని పిలవాలి అంటే నోరు తెరిచి అడగొచ్చు. ఇది తెలియని రోగులూ ఉంటారు, తెలిసినా మొహమాటపడేవాళ్ళూ ఉంటారు.

ఇక ప్రాణం మీదికి వస్తే షబ్బాత్ లేదు, ఏమీ లేదు. యూదుడే స్వయంగా నర్సుని పిలిచే బటన్ నొక్కాలి, ఫోను చేయాలి, కారు నడపాలి. 1565లో వెనిస్‌లో అచ్చయిన షుల్హాన్ ఆరూఖ్ అనే ధర్మశాస్త్ర గ్రంథం ఈ విషయంలో ఎంత కటువుగా ఉందంటే, అలాంటప్పుడు త్వరపడేవాణ్ణి మెచ్చుకోవాలి, చేయొచ్చా కూడదా అని అడుగుతూ కూర్చునేవాడు రక్తం చిందించినట్టే అంటుంది. అయినా ఛాతీ పట్టుకుని, ఇది అంత పెద్ద నొప్పి కాదేమో, రాత్రి నర్సు వచ్చినప్పుడు చెబుదాంలే అనుకునే పెద్దవాళ్ళు ఉంటారు. భక్తి కన్నా సందేహం వల్ల వచ్చే చిక్కు ఇది.

దీనికి మందు శుక్రవారం మధ్యాహ్నమే వేయాలి, రాత్రి కాదు. మీరు చెప్పొద్దు. మీ మాటకి ఆ గదిలో విలువ లేదు, ఉండాల్సిన అవసరమూ లేదు. చాప్లెయిన్ వచ్చిగానీ, ఆ కుటుంబం నమ్మే రబ్బీ ఫోనులోగానీ రోగికే చెప్పాలి: నొప్పి వస్తే, ఊపిరి ఆడకపోతే, ఏ అనుమానం వచ్చినా బటన్ నొక్కడమే నీ ధర్మం అని. దీపాలు వెలగకముందే ఆ ఫోను జరిగేలా చూడటం వాలంటీరు పనుల్లో అన్నిటికన్నా పెద్దది. మిగతా సామానంతా మరిచిపోయినా ఇది మరవకండి. కొందరు మంచం పక్కన చేతి గంట పెట్టి ఊరుకుంటారు. దాహానికి గంట బాగానే ఉంటుంది. నడవా చివర ఉన్న నర్సుకి అది వినబడదు కాబట్టి బటన్ రోగి చేతికి అందేలా పిన్ను పెట్టే ఉంచండి. రాత్రి డ్యూటీ నర్సుకి కూడా చెప్పండి: ఈ గది నుంచి పిలుపు రాలేదంటే అవసరం లేదని కాదు, గంటకోసారి తొంగిచూడండి అని.

ఇంకొకటి, ప్రసూతి వార్డుకి. భర్త భార్య చేయి పట్టుకోకుండా దూరంగా నిలబడి ఉంటే మొండిమనిషి అనుకోకండి. ఆ సమయంలో దంపతులు తాకరాదన్న నియమం ఉంది. చేయి పట్టుకోవడానికి ఎవరైనా ఉంటే ఆమెకి ధైర్యం, ఆ ఎవరైనా మీరే కావచ్చు.

శనివారం

డాక్టర్లు శనివారం ఉదయం డిశ్చార్జి రాసేస్తారు. ఆ కుటుంబం ఆ రోజు సంతకం పెట్టదు, కారెక్కదు. మంచం ఖాళీ చేయమంటే గొడవ. అందుకని శుక్రవారమే డిశ్చార్జి ప్లానరుని పట్టుకుని, అయితే ఇవాళ మధ్యాహ్నంలోపు పంపండి, లేదా శనివారం రాత్రి పంపండి అని రాయించండి. చుట్టుపక్కల నడిచి వెళ్ళగల దూరంలో బిక్కూర్ ఖోలిం వాళ్ళ విడిది ఉంటే పేరు ముందే నమోదు చేయించాలి. తాళం మామూలుదా, కార్డుదా అని కనుక్కోండి. కార్డు తాళమైతే వాళ్ళు గుమ్మం బయటే ఉండిపోతారు.

రాత్రి షబ్బాత్ ముగిశాక హవ్దాలా అనే వీడ్కోలు ప్రార్థన చేస్తారు. దానికి ద్రాక్షరసం, వాసన చూడటానికి లవంగాల పొట్లం, ఆ తీగ బల్బు దీపం చాలు. కీమోథెరపీ వార్డులో లవంగాల ఘాటు పక్క మంచం మనిషికి పడకపోవచ్చు, ముందే అడగండి.

ఆదివారం అలమరా నింపండి, తేదీ దాటినవి తీసేయండి. పస్కా పండుగ దగ్గరపడితే మాత్రం ఆ అలమరా జోలికి పోవద్దు. ఆ వారం పులిసిన రొట్టె ముక్క కూడా ఉండకూడదు, ఏది ఉంచాలో ఏది తీయాలో చాప్లెయిన్ చూసుకుంటారు.