చార్టు మీద మామునూరు: ఏటీసీ ట్రైనింగ్‌కు ముందు ఇంట్లో సాధన

మా హనుమకొండలో ఏటీసీ (ఎయిర్ ట్రాఫిక్ కంట్రోల్, రేడియోలో విమానాలకు దారి చెప్పే పని) పరీక్ష పాసై ట్రైనింగ్‌కు ప్రయాగ్‌రాజ్ పోయే పిల్లలు ముందు మా ఇంటికొస్తుంటారు. సిమ్యులేటర్ స్క్రీన్ ఎట్లా ఉంటుందని అడుగుతారు. స్క్రీన్ తొందరగానే అలవాటవుతుంది. చెవి అలవాటు కావడానికే టైం పడుతుంది. అందుకే మా డైనింగ్ టేబుల్ మీద వాళ్ల చెవికి పని పెడతాను. ముగ్గురుంటే మీరూ చేయొచ్చు.

పెద్ద డ్రాయింగ్ చార్టు మధ్యలో వరంగల్ దగ్గరి మామునూరు రన్‌వే గీయండి. 1981 దాకా విమానాలు దిగిన చోటది. మళ్లీ దిగాలని నా కోరిక, అందుకే ఎప్పుడూ అదే గీయిస్తాను. ఒక సెంటీమీటరు ఒక నాటికల్ మైలు. రెండు రూపాయి బిళ్ళలు రెండు విమానాలు. 123 అనే విమానం కరీంనగర్ వైపు 20 సెంటీమీటర్ల దూరంలో, 9,000 అడుగుల ఎత్తులో ఉంది, మామునూరులో దిగాలి. 132 ఖమ్మం వైపు అంతే దూరంలో, 7,000 అడుగుల్లో ఎదురొస్తోంది. నంబర్లు కలగాపులగంగా కావాలనే పెట్టాను. వేగం 240 నాట్లు (గంటకు 240 నాటికల్ మైళ్లు), అంటే నిమిషానికి 4 మైళ్లు. 15 సెకన్లకోసారి ఒక్కో బిళ్ళను ఒక సెంటీమీటరు జరపాలి. ఐదో నిమిషానికి రెండూ ఒకేచోట ఉంటాయి. ఈ ఆటలో వాటి మధ్య 5 మైళ్ల దూరమో, 1,000 అడుగుల ఎత్తు తేడానో తప్పకూడదు.

ట్రైనింగ్‌కు పోయేవాళ్లే కంట్రోలర్. ఇంకొకరు రెండు విమానాలకూ పైలట్. ఆ పైలట్‌ను పక్కగదిలో కూర్చోబెట్టి ఫోన్‌లో మాట్లాడించండి, ముఖం కనబడొద్దు. అసలు సిమ్యులేటర్‌లోనూ పైలట్‌గా మాట్లాడేది ఒక మనిషే, సూడో పైలట్ అంటాం. మూడో మనిషి బిళ్ళలు జరుపుతూ, ఎత్తులు చీటీల మీద మారుస్తాడు. పైలట్ నోట వచ్చిందే చేయాలి, కంట్రోలర్ అన్నది కాదు.

కంట్రోలర్ "డిసెండ్ టు ఆల్టిట్యూడ్ ఎయిట్ థౌజండ్ ఫీట్" (8,000 అడుగులకు దిగు) అని 123కు చెబితే, పైలట్ తొణక్కుండా, కావాలనే తప్పుగా "సిక్స్ థౌజండ్" అని తిరిగి చదవాలి. కంట్రోలర్‌గా కూర్చున్న చాలామంది ఆ తప్పును పట్టుకోకుండా వదిలేస్తారు. నా ట్రైనింగ్‌లో నేనూ వదిలేశాను. నేను అనుకున్న అంకెనే నా చెవి విన్నది. మా ఇన్‌స్ట్రక్టర్ స్క్రీన్ ఆపి, ఏమీ అనకుండా రికార్డింగ్ వినిపించారు. ఆ "సిక్స్" ఇప్పటికీ నా చెవిలో ఉంది. అలాంటప్పుడు వెంటనే "నెగెటివ్, ఐ సే అగైన్" (కాదు, మళ్లీ చెబుతున్నా) అని సరిచేయాలి. లేకపోతే 123 కిందికి దిగుతూ 132 ఎత్తును దాటుతుంది.

తప్పు జరగగానే బిళ్ళలు ఆపండి. తిట్టొద్దు. ఫోన్ రికార్డింగ్ పెట్టి, ఎక్కడ జారిందో కంట్రోలర్‌నే కనిపెట్టనివ్వండి, తర్వాత అదే మొదటినుంచి ఆడించండి. రెండో రోజు తప్పు ఎక్కడ వస్తుందో పైలట్‌కు తప్ప ఎవరికీ తెలియొద్దు. మూడో రోజు పైలట్ 123 తరఫున మధ్యలో మాట్లాడటం ఆపేయాలి, ఆ బిళ్ళ పక్కన 7600 అని రాసిన చీటీ పడాలి. రేడియో పోయిందని చెప్పే కోడ్ అది. ఇప్పుడు 132ను ఎటు తిప్పాలో కంట్రోలర్ తేల్చుకోవాలి, 132 పైలట్ మాత్రం వింటూనే ఉన్నాడు.