నడుము నొప్పికి ఆపరేషన్ అవసరమో కాదో తేల్చుకోవడం ఎలా?

ఎమ్మారై రిపోర్టులో ‘డిస్క్ బల్జ్’ (వెన్నుపూసల మధ్య మెత్తలా ఉండే డిస్క్ బయటికి ఉబ్బడం) అన్న మాట కనబడగానే ఇక ఆపరేషన్ తప్పదని బెంగపడేవారు చాలామంది. ఆ కాగితాన్ని కాసేపు పక్కన పెట్టి, నొప్పి నడుములో ఎక్కువగా ఉందా, కాలిలో ఎక్కువగా ఉందా అన్నది ముందు గమనించాలి. డిస్క్ ఆపరేషన్ ప్రధానంగా నొక్కుకుపోయిన నరాన్ని విడిపిస్తుంది. అందువల్ల పిరుదు నుంచి పిక్క మీదుగా పాదం దాకా లాగే సయాటికా నొప్పికి అది బాగా పనిచేస్తుంది గాని, నడుము దాటని నొప్పి దానితో తగ్గుతుందన్న భరోసా తక్కువ.

స్కానులో మార్పు ఉన్నంత మాత్రాన నొప్పికి అదే కారణమని చెప్పలేము. నొప్పి ఏమీ లేని మూడు వేల మందికి పైగా వ్యక్తుల స్కానులపై 2015లో వెలువడిన సమీక్ష ప్రకారం, 20 ఏళ్లవారిలో 30 శాతం మందికి, 80 ఏళ్లవారిలో 84 శాతం మందికి డిస్క్ బల్జ్ ఉంది. కాబట్టి స్కాను చూపే నరమూ, మీ కాలిలో నొప్పీ తిమ్మిరీ పాకే దారీ ఒకదానితో ఒకటి సరిపోలాలి. స్కానులో డిస్క్ ఎడమవైపు జారి, నొప్పి కుడి కాలిలో ఉంటే, ఆ స్కాను ఆధారంగా ఆపరేషన్‌కు ఒప్పుకోకూడదు.

మూత్రం రాకపోయినా, తెలియకుండా పోతున్నా, మలవిసర్జనపై అదుపు తప్పినా, మలమూత్ర ద్వారాల చుట్టూ స్పర్శ తెలియకపోయినా, అర్ధరాత్రి అయినా సరే వెంటనే అత్యవసర విభాగానికి వెళ్లాలి. పాదం పైకి లేవక నడుస్తుండగా చెప్పు జారిపోతుంటే కూడా ఆలస్యం చేయకుండా సర్జన్‌కు చూపించాలి. నొప్పితోపాటు జ్వరం, బరువు తగ్గడం ఉంటే వెన్నెముక క్షయ వంటివి ఉన్నాయేమో పరీక్షించాలి. క్షయకు చికిత్స ప్రధానంగా మందులే.

ఇవేవీ లేనప్పుడు సాధారణంగా కనీసం ఆరు వారాలు మందులతో, ఫిజియోథెరపీతో, వీలైనంత నడకతో చూడవచ్చు. మంచానికే పరిమితం కావడం మేలు చేయదు. జారిన డిస్క్ ముక్క చాలామందిలో దానంతటదే కుంచించుకుపోతుంది. ఆరు వారాలు దాటినా తగ్గని తీవ్రమైన సయాటికా ఉన్న 283 మందిపై నెదర్లాండ్స్‌లో జరిగి 2007లో వెలువడిన అధ్యయనంలో, త్వరగా ఆపరేషన్ చేయించుకున్నవారు, మందులతో ఆగి చూసినవారికంటే తొందరగా కోలుకున్నారు. ఏడాది తిరిగేసరికి రెండు వర్గాల ఫలితాలూ దాదాపు సమానమయ్యాయి. అయితే ఆగి చూసినవారిలోనూ 39 శాతం మందికి ఆ ఏడాదిలో ఆపరేషన్ చేయవలసి వచ్చింది. అంటే ఇక్కడ ఎవరికి వారే తేల్చుకోవలసింది, ఆ కొన్ని నెలల నొప్పిని భరించగలరా అన్నది. సెలవు దొరికే ఉద్యోగి, రోజంతా ఆటో నడిపితే గాని ఇల్లు గడవని మనిషి దీనికి ఒకే జవాబు చెప్పనక్కరలేదు.

సర్జన్ దగ్గరకు రిపోర్టుతోపాటు ఫిల్ములు కూడా తీసుకెళ్లి, ఏ నరం నొక్కుకుందో, దాన్ని విడిపిస్తే మీ నొప్పిలో ఏ భాగం తగ్గుతుందో అడగాలి. రాడ్లు, స్క్రూలు వేస్తామంటే, వెన్నుపూస జారిందా, నిలకడ తప్పిందా అని అడిగి, సూటి జవాబు రాకపోతే ఆ ఫిల్ములతోనే మరో డాక్టరును సంప్రదించాలి.