దసరాకు ఐవీఎఫ్ అనుకుంటే జాగ్రత్త ఆషాఢం నుంచే

పత్తి చేతికొస్తే నాలుగు పైసలు ఉంటాయి, అప్పుడు హైదరాబాద్ పోయి ఐవీఎఫ్ (అండాన్ని, వీర్యకణాన్ని ల్యాబ్‌లో కలిపి పిండం చేసే చికిత్స) చేయించుకుందామని మన నల్లగొండ, పాలమూరు పల్లెల్లో చాలామంది దసరా, దీపావళి చూసి పెట్టుకుంటారు. మంచిదే. కానీ ఆ రోజు భర్త ఇచ్చే వీర్యకణాలు ఆ వారంలో పుట్టినవి కావు. ఒక కణం తయారవడానికే 70 రోజులు దాటుతుంది, బయటికి రావడానికి ఇంకో వారం, రెండు వారాలు. అంటే దసరా శాంపిల్ ఆషాఢంలో, మీరు వీపున పంపు వేసుకుని పత్తికి పురుగుమందు కొట్టే రోజుల్లోనే మొదలవుతుంది. ఒంటికి పట్టిన ఆ మందు కణాలను దెబ్బతీయొచ్చు.

మందు కొట్టడం ఈ మూడు నెలలు కూలీకి అప్పజెప్పమనొచ్చు, కానీ ఆయనదీ ఒళ్లే కదా. అందుకే ఎవరు కొట్టినా ముందు పంపు కారకుండా చూసుకోండి. మూత దగ్గర కారిన మందుతో నడుము నుంచి తొడల దాకా తడిసిన లుంగీతోనే సాయంత్రం దాకా తిరుగుతాం. తొడల మధ్య చర్మం మందును చాలా తొందరగా పీల్చుకుంటుంది. చేత్తో కలపొద్దు, గాలికి ఎదురు కొట్టొద్దు, ఇంటికి రాగానే స్నానం చేసి బట్టలు విడిగా ఉతకాలి.

గుట్కా, సిగరెట్, తాగుడు మానాలని అందరికీ తెలుసు. బలానికని జిమ్‌లో వేయించుకునే టెస్టోస్టిరాన్ ఇంజెక్షన్ సంగతే తెలియదు. అది వీర్యకణాల కౌంట్‌ను సున్నాకు కూడా దించగలదు. వానకాలంలో గట్టి జ్వరం వచ్చి తగ్గినా రెండు మూడు నెలలు కౌంట్ పడిపోవచ్చు, డాక్టర్‌కు తప్పక చెప్పండి.

భార్యకు మూడు స్కాన్‌లు అయ్యాక కూడా భర్త ఒక్క టెస్ట్‌కు కదలని ఇళ్లున్నాయి. నాకు ఒళ్లు మండేది అక్కడే. ఆమె ఇంజెక్షన్లు మొదలుకాకముందే, 2 నుంచి 7 రోజులు వీర్యం పోకుండా ఆగి, వీర్యపరీక్ష చేయించాలి. ప్రపంచ ఆరోగ్య సంస్థ 2021 లెక్కలో మిల్లీలీటర్‌కు కోటీ 60 లక్షల కణాలు కింది గీత. తక్కువ వస్తే కంగారు వద్దు, మళ్లీ ఒకసారి చేయిస్తారు. ఇక్సీలో, అంటే కణాన్ని సూదితో నేరుగా అండంలోకి ఎక్కించే పద్ధతిలో, అండానికి ఒక్క కణం చాలన్నది నిజమే. ఆ కణంలో డీఎన్ఏ దెబ్బతింటే మాత్రం పిండం మధ్యలోనే ఆగిపోవచ్చు.

మా బావమరిది శాంపిల్‌ను మిర్యాలగూడలో ఇంట్లోనే తీసి, ఐస్ డబ్బాలో పెట్టుకుని బస్సెక్కాడు. ల్యాబ్‌లో పారబోశారు. "బర్రెకు సూది వేసే గోపాలమిత్ర చల్లగానే తెస్తాడు కదా బావా" అని నాతో వాదన. ఆ పశువుల వీర్యం ద్రవ నైట్రోజన్‌లో మైనస్ 196 డిగ్రీల దగ్గర పద్ధతిగా గడ్డకట్టించింది. మనది ఒంటి వేడికి దగ్గరగా ఉంచి గంటలోపు ల్యాబ్‌లో ఇవ్వాలి, కాబట్టి ఆస్పత్రిలోనే ఇవ్వడం మేలు. అండాలు తీసే రోజు టెన్షన్‌లో శాంపిల్ రాని మగవాళ్లూ ఉంటారు. సిగ్గుపడకుండా ముందే ఒకటి ఫ్రీజ్ చేసి పెట్టమని అడగండి.